నూట పన్నెండో నంబరు రాయి

ఎల్బీనగర్ చౌరస్తాలో కానిస్టేబుల్ జంగయ్య చెంప ఎముక విరగ్గొట్టిన రాయిని విసిరింది నేనే. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నాకప్పుడు యాభై ఏడేళ్లు. షుగరు మాత్రలు వేసుకునేవాణ్ణి, కాలేజీలో జియాలజీ చెప్పేవాణ్ణి, తణుకు పక్క పల్లె నుంచి వచ్చి అప్పటికి పాతికేళ్లుగా చైతన్యపురిలో ఉంటున్నాను. తెలంగాణ ఉద్యమంలో పోలీసు మీద రాయి వేయడానికి నాకంటే పనికిరాని మనిషి ఆ వీధి మొత్తం వెతికినా దొరకడు.

రాష్ట్రం వచ్చాక ఉద్యమ కేసులు కొన్ని ఎత్తేశారు. అందులో నాదీ ఉంది. ఆ సంగతి తెలిసి మా వీధి కుర్రాళ్లు కొందరు శాలువా పట్టుకుని ఇంటికొచ్చారు. నేను తలుపు తియ్యలేదు. నా భార్య సూర్యప్రభ వాళ్లకు మంచినీళ్లిచ్చి, ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపింది. వాళ్లు నన్ను పొగడాలనుకున్న పనిని నేను ఎందుకు చేశానో, ఎలా చేశానో తెలిస్తే ఆ శాలువా మడిచి సంచిలో పెట్టుకుని పోయేవాళ్లు. తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

నా పని రాళ్లలో మడతలు చదవడం. నెల్లూరు వైపు మొదలై ఖమ్మం దాకా సాగే షిస్టు రాళ్ల పట్టీ ఒకటుంది. పొరలు పొరలుగా, అభ్రకపు తళుకుతో ఉంటాయవి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. భూమి లోపలి వేడికి మెత్తబడి, పక్కల నుంచి వచ్చిన ఒత్తిడికి దుప్పటిలా మడతలు పడ్డాయి. ఆ మడత పడిందే మళ్లీ ఇంకో దిక్కు నుంచి నలిగితే మడత మీద మడత పడుతుంది. వాటిలో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని తేల్చడమే మా విద్య. సూత్రం చిన్నది. వంగినది ముందుది, వంచినది తర్వాతది. ఇది రెండు వాక్యాల్లో చెప్పేసి జీతం మాత్రం ముప్పై ఏళ్లు తీసుకున్నాను.

ఈ విద్యలో ఒక ఆచారం ఉంది. కొండ నుంచి రాయిని ఊడగొట్టే ముందే, అది ఎటు వాలి ఉందో చూసుకుని, ఉత్తరం ఎటో రాయి మీద బాణం గీయాలి. తెల్ల పెయింటుతో నంబరు వెయ్యాలి. నోట్‌బుక్‌లో ఎక్కించాలి. ఆ తర్వాతే సుత్తి. గుర్తు పెట్టకుండా ఊడగొట్టిన రాయి మాకు రోడ్డు మీద రాయితో సమానం. ఇంకొకటి నేను సొంతంగా కలిపాను. రాయిని చేతిలోకి తీసుకున్నవాళ్లు నంబరు చదవందే దాన్ని వదలకూడదు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర చివాట్లు తినని విద్యార్థి లేడు. ఏడిపించాను కూడా. తిట్టీ తిట్టీ ఆ అలవాటు వాళ్లకంటే ముందు నాకే ఒంటబట్టింది.

నా చివాట్లకు ఏడవనిది సాధన ఒక్కతే. నా దగ్గర పీహెచ్‌డీ చేసేది. వాళ్లది సూర్యాపేట పక్క పల్లె. చంపాపేటలో ఉండేవాళ్లు. తండ్రి మత్తయి పోయాడు, తల్లి కృపమ్మ ఒక స్కూల్లో ఆయా, తమ్ముడు మోహన్ ట్రాలీ ఆటో నడిపేవాడు. అక్క ఫీల్డుకు వెళ్తే వాడే ఆటోలో తీసుకెళ్లేవాడు, గోనె సంచులు మోసేవాడు, ఖాళీగా కూర్చోలేక రాళ్లలో ఎర్రటి గార్నెట్ గింజలు వెతికేవాడు. మా ఎమ్మెస్సీ కుర్రాళ్లకంటే వాడి కన్ను మేలు. ఆ మాట వాడి ఎదుట ఎప్పుడూ అనలేదు. అనాల్సింది.

నాలుగేళ్లలో సాధన మూడు వందల పైచిలుకు రాళ్లు తెచ్చింది. డిపార్టుమెంటులో చోటు లేక అవన్నీ మా ఇంటి వరండాలో ఆరు గోనె సంచుల్లో ఉండేవి. అందులో నూట పన్నెండో నంబరు రాయి ఒక ఎత్తు, మిగతావన్నీ ఒక ఎత్తు. ఖమ్మం అవతల రోడ్డు వెడల్పు చేయడానికి తొలిచిన గుట్టలో దొరికిందది. కొబ్బరి చిప్పంత ఉంటుంది. ఆ ప్రాంతంలో మడతలు రెండుసార్లే పడ్డాయని ఇరవై మూడేళ్ల కిందట నేనొక పేపరు రాశాను. దాని మీదే నా పేరు, నా ప్రమోషను, నా గర్వం అన్నీ నిలబడ్డాయి. సాధన తెచ్చిన రాయిలో నేను మొదటిదనుకున్న మడత లోపల ఇంకో సన్నని మడత ఉంది. నా మడత దాన్ని వంచేసింది. అంటే నా మొదటిది మొదటిది కాదు.

ఆమె ఆ రాయిని నా బల్ల మీద పెట్టి, "సార్, గిదేంది జర చూడుండ్రి" అంది. నేను భూతద్దంతో చాలాసేపు చూశాను. చూసిన మొదటి నిమిషంలోనే అర్థమైంది. మిగతా సేపంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను. సన్నటి ముక్క కోయించి మైక్రోస్కోపు కింద పెట్టకుండా ఏమీ చెప్పలేమన్నాను. ఆ కోయించే పనిని ఎనిమిది నెలలు సాగదీశాను. బ్లేడు లేదన్నాను, మనిషి సెలవన్నాను, ముందు మిగతా చాప్టర్లు రాయమన్నాను. ఈలోపు ఆ గుట్టను కంకర మిషను మింగేసింది. ఇక ఆ సాక్ష్యం లోకంలో ఉన్నది మా వరండాలో, మూడో సంచిలో. నేను చేస్తున్నదాన్ని శాస్త్రీయమైన జాగ్రత్త అనుకున్నాను. అసూయ అనే మాట అప్పట్లో నాకు తోచలేదు.

అది రెండు వేల తొమ్మిది డిసెంబరు. రోజూ బందే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డంతా పగిలిన అద్దాలు. హాస్టళ్ల పిల్లలంతా రోడ్డు మీదే ఉండేవాళ్లు. మా వీధి మొదట్లో ఒక కోచింగ్ సెంటరు ఉంది. యజమానిది ఒంగోలు. బుధవారం మధ్యాహ్నం గుంపు వచ్చి దాని బోర్డు పీకి తగలబెట్టింది. కిటికీలు పగలగొట్టింది. లోపలున్న లెక్కల లెక్చరరును బయటికి లాగి చొక్కా చించి, గోడకేసి కొట్టారు. ఆయన ముక్కు నుంచి రక్తం కారుతుంటే మా గేటు ముందు నుంచే పరుగెత్తాడు. నేను తలుపు సందులోంచి చూస్తూ ఉన్నాను. తలుపు తీసి లోపలికి రమ్మనలేదు.

"ఏమండీ, వరండాలో ఆ రాళ్ల సంగతేంటి?" అంది సూర్యప్రభ. "వాళ్లొస్తే బయట నుంచి రాళ్లు తెచ్చుకునే పనుండదు. మన రాళ్లతోనే మన బుర్రలు పగలగొట్టిపోతారు. పోలీసులొస్తే మనమే పోగేశామంటారు."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. గురువారం పొద్దున్నే సాధనకు ఫోను చేశాను. రాళ్లన్నీ మీ ఇంట్లో పెట్టుకో, మీ ఇంటి జోలికి ఎవరూ రారు, మోహన్‌ని ఇవాళే పంపు అన్నాను.

"ఇయ్యాల బందు గద సార్. రోడ్ల మీద మస్తు గడ్‌బడ్ ఉన్నది. రేపు పొద్దుగాల్నే పంపిస్త."

"రేపటిదాకా మీవాళ్లు నా ఇల్లు ఉంచితే కదమ్మా."

నాలుగేళ్లు నాతో ఎండలో తిరిగిన పిల్ల. నాకు షుగరు పడిపోయినప్పుడు బ్యాగులోంచి బెల్లం ముక్క తీసి పెట్టిన పిల్ల. ఆమెను ఒక్క మాటతో గుంపులో కలిపేశాను. మాట నోటి నుంచి పడ్డాక వెనక్కి తీసుకునే తెలివి నాకు ఎప్పుడూ లేదు.

"పదకొండింటికి వస్తడు సార్" అని ఫోను పెట్టేసింది.

మోహన్ చెప్పిన టైముకే వచ్చాడు. ఆటో అద్దం మీద సుద్దముక్కతో జై తెలంగాణ అని పెద్ద అక్షరాలు రాసుకున్నాడు. సంచులు ఎక్కించాక నేనూ పక్కన కూర్చోబోతే అడ్డుపడ్డాడు. "మీరొద్దు సార్. నేనొక్కణ్ణయితే ఎట్లనో తప్పిచ్చుక పోత. మీరు నోరు తెరిస్తే ఎవరో తెల్సిపోతది."

"నా రాళ్లను దారిలో పారబోస్తే ఎవడు దిక్కు?" అని ఎక్కేశాను. చూడండి, అప్పటికే అవి నా రాళ్లయిపోయాయి.

దిల్‌సుఖ్‌నగర్ వైపు నల్లటి పొగ లేస్తోంది. బస్సేదో తగలబడుతోందని వాడు ఆటోను ఎల్బీనగర్ వైపు తిప్పాడు. అక్కడ కుడికి తిరిగితే కర్మన్‌ఘాట్ మీదుగా చంపాపేట పోవచ్చు. కొత్తపేట దగ్గర పదిమంది కుర్రాళ్లు ఆపి సంచులు తడిమారు.

"ఏందన్నా గివి?"

"రాళ్లు. మా అక్క చదువుకు సంబంధించినయి" అన్నాడు మోహన్. వాళ్లు నవ్వారు. రాళ్ల చదువేందన్నారు. ఒకడు నా వైపు వంగి, "పెద్దమనిషీ, జై తెలంగాణ అనుండ్రి" అన్నాడు. అన్నాను. నా యాసకు ఇంకాస్త నవ్వి, బానెట్ మీద చేత్తో చరిచి వదిలేశారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నోటితో పిల్లకాయలు ఎక్కం అప్పజెప్పించుకున్నారు.

చౌరస్తాకు వచ్చేసరికి అడ్డంగా పోలీసులు, ఎదురుగా విద్యార్థులు. నడుమ నలభై గజాల ఖాళీ రోడ్డు. మేము ఆ ఖాళీలోకి వచ్చి పడ్డాం. టియర్ గ్యాస్ గోళం ఒకటి మా ముందు టైరు కింద పేలింది. మోహన్ బ్రేకు వేశాడు. కళ్లు మండుతుంటే దిగాం. దగ్గుతూ నేను ఏదో చెబుతున్నాను, ఎవరూ వినడం లేదు. ఒక కానిస్టేబులు ట్రాలీ మీదికెక్కి లాఠీ కొసతో సంచి మూతి లాగాడు. నల్లటి మనిషి, నెరిసిన మీసం. అతనే జంగయ్య అని నాకు తర్వాత తెలిసింది. నకిరేకల్ దగ్గరివాడని, వాళ్లబ్బాయి కూడా ఆ రోజు ఇంకో చోట జెండా పట్టుకుని ఉన్నాడని కూడా తర్వాతే తెలిసింది.

"రాళ్ల లోడు సార్. సంచులు సంచులే తెచ్చిన్రు" అని అరిచాడు.

అంతే. ముగ్గురు మోహన్ మీద పడ్డారు. మొదటి దెబ్బ మోకాలి వెనక, రెండోది వీపు మీద, మూడోది మెడ మీద. "సార్, గవి రీసెర్చ్ రాళ్లు సార్, నంబర్లు చూడుండ్రి సార్" అంటూనే వాడు కింద పడ్డాడు. నంబర్లని చెప్పడం వాడి ప్రాణానికే చుట్టుకుంది. "రాళ్లకు నంబర్లేసి మరీ తెచ్చావురా" అంటూ ఒకడు బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. నేను చేతులెత్తి అడ్డం వెళ్లాను. ఒక ఎస్సై నన్ను రెక్క పట్టుకుని, "మీరు పక్కకెళ్లండి పెద్దాయనా, ఇక్కడేం చేస్తున్నారు" అని మర్యాదగా ఫుట్‌పాత్ వైపు నెట్టాడు. నా కళ్లజోడు, నా ఇస్త్రీ చొక్కా, నా మాటతీరు నన్ను కాపాడాయి. వాడికి అవేవీ లేవు.

అదే సమయంలో అవతలి గుంపు ట్రాలీ మీద విరుచుకుపడింది. సంచులు చిరిగాయి. సాధన నాలుగేళ్ల చదువు గాల్లోకి లేచింది. నలభై మూడు ఒక షాపు షట్టరుకు తగిలింది. తొంభై ఒకటి ఒక పోలీసు మోచేతిని పగలగొట్టింది. రెండు వందల పదహారు, నేనే స్వయంగా బాణం గీసిన రాయి, రోడ్డు మీద పడి ముక్కలైంది. ఉత్తరం చూపే బాణాలన్నీ ఇష్టమొచ్చిన దిక్కుకు ఎగిరిపోతుంటే నేను నంబర్లు చదువుతూ నిలబడ్డాను. నా జన్మలో అంత దిక్కుమాలిన పని ఇంకోటి చెయ్యలేదు.

ట్రాలీ వెనక ఒక సంచి జారి నా కాళ్ల దగ్గర పడింది. దానికి మూడడుగుల అవతల మోహన్ బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి చాచి ఆటో చక్రం పట్టుకోబోతున్నాడు. జంగయ్య కిందికి దూకి ఆ చేతి మీద లాఠీతో కొట్టాడు. ఒకసారి. మళ్లీ. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ఎండుకట్టె విరిచినట్టే ఉంది. మోహన్ అరవలేదు, ఊపిరి ఆగిపోయినట్టు నోరు తెరిచాడు. జంగయ్య మళ్లీ లాఠీ ఎత్తాడు.

నా చెయ్యి సంచిలోకి పోయింది. రాయి చేతిలోకి వచ్చింది. తిప్పి చూశాను. నూట పన్నెండు. విసిరాను.

అది జంగయ్య ఎడమ కంటి కింద తగిలింది. ఎముక లోపలికి పోవడం కనిపించింది. రాయి పొర వెంట చీలి రెండు ముక్కలై చెరోవైపు పడింది. అతను లాఠీ వదిలేసి రెండు చేతులతో ముఖం పట్టుకుని కూర్చుండిపోయాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది. ఎవరు వేశారో ఎవరూ చూడలేదు, ఒక్క మోహన్ తప్ప. వాడు నేల మీద నుంచి తలెత్తి నా వైపే చూస్తున్నాడు. ఆ మరుక్షణం అరడజను మంది పోలీసులు వాడి మీద పడ్డారు, ఇక వాడు కనిపించలేదు.

నేను పారిపోయాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెప్పొకటి ఊడిపోతే ఒంటి చెప్పుతో పరుగెత్తాను. సందులు పట్టుకుని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు వెనకాల తేలాను. కుళ్లిన బత్తాయిల గుట్ట పక్కన కొళాయి ఉంటే చేతులు కడుక్కున్నాను. చేతులకు రక్తం లేదు. అభ్రకం పొడి ఉంది, ఎంత రుద్దినా తళుక్కుమంటూనే ఉంది.

మర్నాడు పేపర్లో వేశారు. రాళ్ల లోడుతో వచ్చిన ఆటో డ్రైవరు కానిస్టేబుల్ మీద హత్యాయత్నం చేశాడని మోహన్ పేరు రాశారు. సాధన ఫోను చేసింది. ఏడుపు లేదు గొంతులో, అరిగిపోయి ఉంది. "తమ్మున్ని స్టేషన్ల పెట్టిన్రు సార్. రేపు కోర్టుల హాజరు పెడ్తరంట. హత్యాయత్నం అని రాస్తే బెయిలు కూడా రాదంటున్నరు. అవి కాలేజీ రాళ్లని మీరొచ్చి ఒక్క మాట చెప్తే సాలు." ఆమెకు అంతే తెలుసు. నేను రాళ్లతోపాటు వెళ్లానని తెలుసు, గొడవలో తప్పిపోయాననుకుంటోంది.

సూర్యప్రభకు ముందు రోజే చెప్పాను. ఆవిడ చేతిలో గిన్నె అక్కడే పెట్టి కూర్చుంది. "రిటైర్మెంటు నాలుగు నెలలే కదండీ" అంది. తర్వాత, "ఆ అబ్బాయి చెయ్యి నిజంగానే విరిగిందా?" అని అడిగింది. విరిగిందన్నాను. ఆవిడ లేచి నా చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. వెళ్లమందో, వెళ్లొద్దందో నాకు ఇప్పటికీ తెలియదు.

స్టేషను బయట బెంచీ మీద కృపమ్మ టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "అయ్యా, మా పిలగాడు గసోంటోడు గాదు. మీకు తెల్వదా? మీరొచ్చిన్రు, నాకిగ రందిలేదు" అని చేతులు పట్టుకుంది. చేతులు విడిపించుకుని లోపలికి నడిచాను.

లోపల కటకటాల వెనక మోహన్ గోడకానుకుని ఉన్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టారు. వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. ఒక కన్ను మూసుకుపోయింది. నేను కటకటాల దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "నా పేరు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నమ్ముతరా సార్?" అన్నాడు. పెదవి చిట్లడంతో మాట సరిగా రావడం లేదు. "ఒక్కసారి చెప్పిన. సార్ మీద పెడ్తవారా అని మళ్ల కొట్టిన్రు."

ఇన్‌స్పెక్టరుది భీమవరం. నా ఊరు అడిగి తెలుసుకుని, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. నా వెనకే వచ్చిన సాధన గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకు కుర్చీ వేయలేదు. నేను మొదట రాళ్ల సంగతి చెప్పాను. బాణాలు ఎందుకో, నంబర్లు ఎందుకో చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సరే మాస్టారూ. రాళ్లు చదువు కోసమే తెచ్చారు, ఒప్పుకున్నాను. కానీ విసిరింది మాత్రం వాడే కదా."

"విసిరింది నేను."

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి నవ్వాడు. "శిష్యురాలంటే అభిమానం ఉండొచ్చు. మరీ ఇంతా? మనవాళ్లను కొడుతుంటే మీరు వెళ్లి వాళ్ల తరఫున పోలీసును కొట్టారంటే జడ్జిగారు కూడా నవ్వుతారు. ఇంటికెళ్లండి. రోజులు బాగాలేవు, మనవాళ్లకు మనమే ఉండాలి."

నిన్న ఫోనులో నేనన్న మాటకూ దీనికీ తేడా లేదు. వింటుంటే ఎంత రోతగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"జంగయ్యకు తగిలిన రాయి మీ దగ్గరుందా?" అని అడిగాను.

"సీలు వేశాం. కోర్టుకు పోతుంది."

"అది రెండు ముక్కలై ఉంటుంది. ఒక ముక్క మీద నంబరు, ఇంకో ముక్క మీద బాణం. నంబరు నూట పన్నెండు. పంచనామా తీసి చూడండి."

"మీ రాళ్లే కదా. మీకు నంబర్లు తెలుస్తాయి."

"మూడు వందల రాళ్లున్నాయండి. తగిలింది వాటిలో ఏదో నాకెలా తెలుస్తుంది? పేపర్లో రాలేదు. మీరు చూపించలేదు. రాయి చేతిలోకొస్తే నంబరు చూడకుండా వదలను, నాకది ముప్పై ఏళ్ల అలవాటు. మోహన్ అప్పుడు బోర్లా పడి ఉన్నాడు. అతని చెయ్యి అప్పటికే విరిగింది. విరిగిన చేత్తో ఎవడు విసురుతాడు?"

ఆయన నవ్వు ఆపాడు. బీరువాలోంచి ఫైలు తెప్పించాడు. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టి చదువుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తలెత్తి నన్ను చూసినప్పుడు ఆయన ముఖంలో మనవాడన్న భావం పోయింది. నాకు అందుకు బాధ వెయ్యలేదు. మోహన్ పేరు హత్యాయత్నం నుంచి తీసేస్తారని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఆయన కొత్త కాగితం తీసుకుని, "మళ్లీ చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

"సార్" అంది సాధన.

ఇద్దరం అటు తిరిగాం. ఆమె గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. తమ్ముడు బయటపడుతున్నాడన్న సంగతి ఆమెకూ అర్థమైంది, కళ్లలో నీళ్లు వచ్చి ఉన్నాయి. కానీ నన్ను చూస్తున్న చూపు వేరు. నేనే నేర్పిన చూపు అది. రాయిని తిప్పి తిప్పి ఏది ముందు, ఏది తర్వాత అని చూసే చూపు.

"నంబరు సూసి ఇసిరిన్రా సార్, ఇసిరినంక తెల్సిందా?"

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. ఆయన కూడా నా జవాబు కోసమే చూస్తున్నాడు. తర్వాత తెలిసిందంటే సాధన దగ్గర నేను బతికిపోతాను. కానీ ఎలా తెలిసిందని ఈయన అడుగుతాడు, నా మాటంతా మళ్లీ కట్టుకథ అవుతుంది, మోహన్ లోపలే ఉంటాడు. నాకు ఒకే దారి మిగిలింది.

"చూసే విసిరాను."

"నూట పన్నెండు అని తెల్సి."

"తెలిసే."

ఆమె గొంతు పెంచలేదు. క్లాసులో అర్థం కానిది అడిగినట్టే అడిగింది. "సంచిల ఇంకో రాయి లేకుండెనా సార్?"

"నిండా ఉన్నాయమ్మా" అన్నాను.

ఇన్‌స్పెక్టరు అది కూడా రాసుకున్నాడు.